దూడలు వారి ఆవులకు పుట్టాయి, పిండాలు మా ఆవువి: హక్కు ఎవరిది?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. మా నాన్నగారు కన్నబిడ్డలా పెంచిన ఒంగోలు ఆవు పశు ప్రదర్శనల్లో రెండుసార్లు బహుమతి పొందింది. 2022 జూన్‌లో మా దూరపు బంధువైన ఒక డెయిరీ యజమాని పిండ మార్పిడి (ఒక ఆవు పిండాలను తీసి వేరే ఆవుల గర్భంలో పెట్టడం) కోసం ఆ ఆవును తన ఫారానికి తోలుకెళ్లారు. పుట్టిన దూడల్లో సగం మాకు ఇస్తానని నలుగురి ముందు నోటిమాటగా చెప్పారు. ఆవు లేనన్నాళ్లూ పాలు పోతాయని మా ఖాతాలో రూ.60,000 వేశారు. ఆగస్టులో పిండాలు తీసి, నవంబరులో ఆవును తిరిగి పంపారు. 2023 మే నెలలో ఆయన సంకరజాతి ఆవులకు నాలుగు దూడలు పుట్టిన సంగతి మాకు చెప్పనే లేదు. జూన్ 11న అటు పెళ్లికి వెళ్లినప్పుడు కళ్లారా చూశాం. 2024 ఫిబ్రవరిలో గట్టిగా అడిగితే, మోసి కన్నవి తన ఆవులేనని, మాకు డబ్బు ఎప్పుడో ముట్టిందని వాట్సాప్‌లో జవాబిచ్చారు. ఇప్పుడు ఒక కోడెదూడను అమ్మకానికి పెట్టారు. నాన్నగారు దిగులుతో మంచం పట్టారు. ఆవును చూస్తే బాధ కలుగుతోందని గోశాలకు ఇచ్చేద్దామనుకుంటున్నాం. ఒప్పందాన్ని పాత తేదీతో స్టాంపు పేపరు మీద రాయిద్దామని మా బావగారు అంటున్నారు. నాలుగు దూడలూ మాకు వస్తాయా?

జవాబు: మీ లేఖలో ఎక్కువ భాగం బంధువు చేసిన నమ్మకద్రోహం గురించే ఉంది. దాని మీద న్యాయస్థానం తీర్పు చెప్పదు. మీ వ్యవహారం మొత్తం మీరు ఒక్క వాక్యంలో చెప్పి దాటేసిన ఆ అరవై వేల రూపాయల మీద ఆధారపడి ఉంది. ఆ డబ్బు పాల నష్టానికి ఇచ్చినదైతే మీకు హక్కు ఉంది. పిండాల ధరగా ఇచ్చినదైతే లేదు. ‘డబ్బు ఎప్పుడో ముట్టింది’ అన్న మాట ఆయన కోపంలో అన్నది కాదు. రేపు ఆయన న్యాయవాది దాఖలు చేయబోయే జవాబు దావాకు అదే పునాది.

కారణం చెబుతాను. మనుషుల అద్దె గర్భానికి 2021లో వచ్చిన చట్టం పశువులకు వర్తించదు కాబట్టి మనం పాత ఒప్పందాల చట్టం దగ్గరికే వెళ్లాలి. ఒక పని కోసం, పని అయ్యాక తిరిగి ఇచ్చే షరతు మీద వస్తువును మరొకరి చేతికి అప్పగించడాన్ని 1872 నాటి ఆ చట్టం బెయిల్‌మెంట్ అంటుంది. అలా అప్పగించిన వస్తువు నుంచి పుట్టిన వృద్ధి కూడా, వేరే ఒప్పందం లేకపోతే, అప్పగించినవారికే చెందాలని 163వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణే ఆవు, దూడ: సంరక్షణ కోసం అప్పగించిన ఆవు ఈనితే, ఆవుతో పాటు దూడనూ యజమానికి తిరిగి ఇవ్వాలి. చట్టం రాసిన రోజుల్లో ఒక ఆవు పిండం మరో ఆవు కడుపులో పెరుగుతుందని ఎవరూ ఊహించి ఉండరు. అయినా మీ ఆవుకు మందు సూదులు వేసి, ఎదకు తెచ్చి, కృత్రిమ గర్భధారణ చేసి, ఏడో రోజున గర్భాశయం నుంచి కడిగి తీసిన పిండాలు మీ ఆవు నుంచి వచ్చిన వృద్ధే అని వాదించడానికి గట్టి ఆధారం ఉంది. తల్లి పశువు ఎవరిదైతే పిల్ల వారిదన్న సాధారణ సూత్రాన్ని ప్రతివాది తన వైపు లాక్కుంటారు. గ్రహీత ఆవు, అంటే పిండాన్ని పెట్టించుకున్న ఆవు, ఆ దూడను తొమ్మిది నెలలు మోసినా దాని జన్యువులో ఆమె వాటా ఏమీ లేదని మనం శాస్త్రీయంగా చూపాలి.

అయితే అదే సెక్షన్‌లో ఉన్న ‘వేరే ఒప్పందం లేకపోతే’ అన్న మాట రెండు వైపులా కోస్తుంది. అరవై వేలు పిండాల ధర అని ఆయన రుజువు చేయగలిగితే అదే వేరే ఒప్పందం అవుతుంది, మీ దావా అక్కడితో ఆగిపోతుంది. సగం దూడలు ఇస్తానన్నారని మీరే రాశారు కాబట్టి అది కూడా వేరే ఒప్పందమే. దాని ప్రకారం మీరు అడగగలిగింది రెండు దూడలను మాత్రమే, నాలుగింటిని కాదు. సగానికి ఒప్పుకున్నానని ఒక పేరాలో చెప్పి, అన్నీ కావాలని మరో పేరాలో అడిగే దావాను ఏ న్యాయమూర్తీ మెచ్చరు. అంతేగాక, సగం ఆయనకు మిగలడం వల్లే ఆయన గ్రహీత ఆవులను, వైద్యుడి ఖర్చును పెట్టుకున్నారన్న వాదన మీకు లాభిస్తుంది. మూడేళ్లు మేపిన ఖర్చు ఇమ్మని ఆయన అడిగినప్పుడు చెప్పుకోవడానికి మీకు ఉన్న జవాబు అదే.

ఇక ఆ డబ్బు దేనికిచ్చారో ఎలా తేలుతుందో చూద్దాం. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ లావాదేవీ పక్కన ఏ మాట ఉందో ముందు చూడండి. ఆ వారంలో మీ ఇద్దరి మధ్య నడిచిన వాట్సాప్ మాటలు, వాయిస్ మెసేజీలు అన్నీ వెతకండి. ఆవు అప్పట్లో రోజుకు ఎన్ని లీటర్లు ఇచ్చేది, పాలు ఎవరికి పోసేవారు, ఆ పాలకేంద్రం చెల్లింపుల పుస్తకం ఉందా అన్నవి మీకు చిన్న విషయాలుగా తోచవచ్చు. జూన్ నుంచి నవంబరు దాకా పోయిన పాల విలువ అరవై వేలకు దగ్గరగా వస్తే, ఆ లెక్క సాక్షుల మాట కంటే గట్టిగా నిలుస్తుంది. మరొకటి: తొమ్మిది మంచి పిండాలు వచ్చాయని, ఏడు పెట్టామని, రెండు దాచామని పశువైద్యుడు మీకు ఆగస్టులో పంపిన మెసేజీని లేఖకు జత చేశారు. పిండాలు పూర్తిగా ఫారం యజమానికి అమ్ముడైపోయి ఉంటే వైద్యుడు ఆ లెక్క మీకు ఎందుకు పంపుతారు? మీ దగ్గర ఉన్న కాగితాల్లో అన్నింటికంటే విలువైనది అది. దాన్ని మీరు ప్రదర్శన బహుమతుల ఫొటోల వెనుక ఎక్కడో పెట్టి పంపారు.

ఆ మెసేజీలు పాత ఫోనులో ఉన్నాయని, కొత్త ఫోనులో స్క్రీన్‌షాట్లు మాత్రమే మిగిలాయని రాశారు. పాత ఫోనును బాగు చేయించకండి, రీసెట్ చేయకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు నిర్ణీత నమూనాలో ధ్రువపత్రం, హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే అంకెల, అక్షరాల గుర్తుతో) సహా జతచేయాలి. ధ్రువపత్రం లేని స్క్రీన్‌షాటు మీద ప్రతివాది మొదటి రోజే అభ్యంతరం లేవనెత్తుతారు.

ఇప్పుడు మీ అజాగ్రత్త గురించి చెప్పక తప్పదు. దాత ఆవును, అంటే పిండాలు ఇచ్చిన మీ ఆవును, గోశాలకు ఇచ్చేస్తాననడం, దావా వేయబోయే మనిషి తన దస్తావేజును పొయ్యిలో పెడతాననడం లాంటిది. పిండాలు మీ ఆవువేనని ఈ రోజు ఆయన పరోక్షంగా ఒప్పుకుంటున్నారు. నోటీసు అందిన మరుసటి రోజు అవి తన ఆవులకు తన ఆబోతు వల్ల పుట్టిన దూడలని మాట మార్చరని మీరు పూచీ ఇవ్వగలరా? ఆ మాట అబద్ధమని చూపాలంటే దాత ఆవు, నాలుగు దూడలు, గ్రహీత ఆవులు, వాడిన వీర్యం తాలూకు ఆబోతు, వీటి జన్యు నమూనాలు కావాలి. ప్రతి జన్యు గుర్తులోనూ దూడకు ఒక భాగం దాత ఆవు నుంచి, మరొకటి ఆబోతు నుంచి వస్తుంది కాబట్టి గ్రహీత ఆవు తల్లి కాదని పరీక్షలో తేలిపోతుంది. దాత ఆవుకు ఏదైనా అయితే ఈ దారి చాలా కష్టమవుతుంది. మీ ఆవు ఎక్కడికీ వెళ్లకూడదు. దాని చెవి ట్యాగు పన్నెండంకెల సంఖ్య, అప్పటి బీమా పాలసీ, పశువైద్యశాల చీటీలు అన్నీ ఒకచోట చేర్చండి. 2022లో బీమా ఎవరి పేరున నడిచిందన్నది ఆవు అమ్ముడుపోలేదని చూపడానికి చాలా ఉపయోగపడుతుంది.

తోక వెంట్రుకలు మీరే పీకి ఏదో ప్రయోగశాలకు పంపి నివేదిక తెచ్చుకుంటే మీ మనసుకు ధైర్యం రావచ్చేమో గానీ, ఆ వెంట్రుకలు ఏ ఆవువని అడిగితే జవాబు ఉండదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు 7వ రూలు కింద వివాదంలో ఉన్న ఆస్తిని తనిఖీ చేసి నమూనాలు తీయించమని, 26వ ఆర్డరు 10-ఎ రూలు కింద శాస్త్రీయ పరీక్షకు కమిషనర్‌ను (కోర్టు తరఫున ఆ పని చేసే వ్యక్తిని) నియమించమని దావాతో పాటే దరఖాస్తులు వేయాలి. కమిషనర్ సమక్షంలో, చెవి ట్యాగులు నమోదు చేసి, సీలు వేసి పంపిన నమూనాకే విలువ ఉంటుంది. ఆబోతు సంగతి తెలియాలంటే వైద్యుడి రిజిస్టరులో ఉండే వీర్యం స్ట్రా (వీర్యం నింపిన సన్నని గొట్టం) సంఖ్య కావాలి. లాం, చింతలదేవి లాంటి ప్రభుత్వ పశు కేంద్రాల్లో పిండ మార్పిడి పనికి రిజిస్టర్లు రాయడం ఉద్యోగంలో భాగం. ప్రైవేటు ఫారాల్లో రాస్తే రాసినట్లు, లేకపోతే లేదు. అందుకే ఆ వైద్యుణ్ని శత్రువుగా చూడకండి, ఆయన మీకు ప్రధాన సాక్షి కావచ్చు.

మీ బావగారి సలహా గురించి ఒక్కసారే చెబుతాను, రెండోసారి నన్ను అడగవద్దు. పాత తేదీ వేసి ఒప్పందం రాయడం ఫోర్జరీ. స్టాంపు పేపరు ఏ రోజు ఎవరి పేరున అమ్ముడైందో అమ్మకందారు రిజిస్టరులో వరుస సంఖ్యతో ఉంటుంది. దాన్ని కోర్టుకు రప్పించడానికి ఒక సమన్లు చాలు. పైగా ప్రతివాది సంతకం ఎక్కడి నుంచి తెస్తారు? భారతీయ న్యాయ సంహితలో 336వ సెక్షన్ ఫోర్జరీకి, 340వ సెక్షన్ ఆ పత్రాన్ని నిజమైనదిగా వాడినందుకు, 229వ సెక్షన్ తప్పుడు సాక్ష్యానికి వర్తిస్తాయి. దావాలో వాదిగా అడుగుపెట్టిన మీ నాన్నగారు క్రిమినల్ కేసులో ముద్దాయిగా మిగులుతారు, నిజమైన వాట్సాప్ సాక్ష్యం కూడా ఆ మచ్చతో పనికిరాకుండా పోతుంది. అసలు ఆ పత్రం అవసరమే లేదు. ఇలాంటి ఒప్పందం రాతపూర్వకంగానే ఉండాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. నోటిమాట చెల్లుతుంది, దాన్ని రుజువు చేయడమే కష్టం. ఆ రోజు అక్కడ ఉన్న నలుగురిలో ఇద్దరు నిలబడి సాక్ష్యం చెబితే చాలు. రాత్రికి రాత్రి దూడలను తోలుకొచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే అదీ మానుకోండి.

కాలపరిమితి విషయంలో మీకు ఎక్కువ సమయం లేదు. ఆయన ఇవ్వనన్న తేదీ నుంచి లెక్కించాలి కాబట్టి 2027 ఫిబ్రవరి దాకా గడువు ఉందని మీ బావగారు చెప్పారట. లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ వర్తిస్తే ఆ మాట నిజమే; అప్పగించిన వస్తువును అడిగాక నిరాకరించిన తేదీ నుంచి మూడేళ్లు ఉంటాయి. కానీ దూడలను మీరు ఎన్నడూ అప్పగించలేదని, ఇది అక్రమంగా సొంతం చేసుకున్న చరాస్తి గురించిన దావా అని, 68 లేదా 91(ఎ) ఆర్టికల్ వర్తిస్తుందని ప్రతివాది వాదిస్తే, ఆస్తి ఎవరి దగ్గర ఉందో మీకు మొదట తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఆ రోజు 2023 జూన్ 11 అని మీరే రాశారు. అంటే 2026 జూన్ 11 లోపు దావా నంబరు పడేలా చూసుకోవడమే క్షేమం. వేసవి సెలవుల్లో కాగితాలు వెనక్కి వస్తే సవరించి వేయడానికి రోజులు చాలవు కాబట్టి ఏప్రిల్ లోపే దాఖలు చేయండి. ఆయన మెసేజీల్లో ఎక్కడైనా రెండు దూడలు ఇస్తానని ఒప్పుకున్న మాట కనిపిస్తే అదే చట్టం 18వ సెక్షన్ కింద గడువు కొత్తగా మొదలైందని వాదించవచ్చు, కానీ వాట్సాప్ మెసేజీని సంతకం చేసిన ఒప్పుకోలుగా లెక్కించాలా అన్న వాదులాట అందులో ఉంటుంది. దాన్ని నమ్ముకుని కూర్చోకండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే ఆలోచన వదిలేయండి. మీరు ఆయనకు డబ్బు చెల్లించి సేవ పొందలేదు, పైగా అక్కడి రెండేళ్ల గడువు ఎప్పుడో దాటింది.

దావా మీ పేరున కాదు, ఆవు యజమానిగా నమోదైన మీ నాన్నగారి పేరున వేయాలి. ఆయన కోర్టుకు రాలేని స్థితిలో ఉంటే మీకు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున వ్యవహరించే అధికారం) ఇవ్వవచ్చు. అయితే ఒప్పందం మాట్లాడినప్పుడు మీరు అక్కడ లేకపోతే ఆయన తరఫున దాని గురించి సాక్ష్యం చెప్పలేరు. ఆయన వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే కమిషనర్ ద్వారా నమోదు చేయించమని అడగాలి. రెండు దూడలను అప్పగించాలని, అది వీలుకాకపోతే తీర్పు నాటి విలువ చెల్లించాలని ప్రత్యామ్నాయంగా కోరండి. దానికి అనుబంధంగా ఏ దూడనూ అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ (నిలుపుదల ఉత్తర్వు) అడగండి. అమ్మకానికి పెట్టిన కోడెదూడ ప్రకటన ఫొటోను, తేదీతో సహా, ఈ రోజే భద్రపరచండి. తనకు హక్కు లేని వస్తువును అమ్మినవారి నుంచి కొన్నవారికి సాధారణంగా హక్కు రాదని సరుకుల అమ్మకాల చట్టం 27వ సెక్షన్ చెబుతున్నా, దూడ జిల్లా దాటిపోతే వెంట తిరగాల్సింది మీరే.

దాచిన రెండు పిండాల సంగతి మీరు మరిచిపోయారు. ద్రవ నత్రజనిలో, సున్నాకు దిగువన 196 డిగ్రీల దగ్గర ఉన్న పిండం ఏళ్లు గడిచినా పాడైపోదు. అవి ఇంకా క్యానులోనే ఉంటే వాటిలోనూ మీకు సగం వాటా ఉంది. మరో ఆవుకు పెట్టేసి ఉంటే ఆ దూడల లెక్క కూడా ఆయన చెప్పాలి. నోటీసులోనే తొమ్మిది పిండాలకూ లెక్క అడగండి, వాటిని కదిలించవద్దని ఇంజంక్షన్‌లో చేర్చండి.

నోటీసు పంపాక ఆయన రాజీకి దిగితే మండల న్యాయసేవా కమిటీ ద్వారా లోక్ అదాలత్‌లో కూర్చోండి. కోర్టు ఫీజు ఉండదు, అక్కడ రాసుకున్న రాజీ కోర్టు డిక్రీతో సమానం. కానీ అక్కడ మాటలు నడుస్తున్నన్నాళ్లూ కాలపరిమితి ఆగి ఉంటుందని అనుకోవద్దు. ఏప్రిల్ దాటితే ముందు దావా వేసి, ఆ తర్వాత రాజీ మాట్లాడండి. నా అంచనాలో పాల లెక్క తేలితే ఒక పెయ్యదూడ, ఒక కోడెదూడ, దాచిన వాటిలో ఒక పిండం మీకు రావడం న్యాయమైన రాజీ. పాలకేంద్రం పుస్తకం దొరకకపోతే ఒక పెయ్యదూడ వచ్చినా తీసుకోండి.