టెక్ సందేహాలు: పరుగు కోసం సింపుల్‌గా ఒక జీపీఎస్ వాచ్, ఏం చూసి కొనాలి?

ప్రశ్న: వారానికి మూడు నాలుగు సార్లు 5 నుంచి 10 కిలోమీటర్లు పరిగెడతాను, ఏడాదికి ఒకటో రెండో హాఫ్ మారథాన్లు. ఇన్నాళ్లూ ఫోన్‌లో యాప్ పెట్టుకుని లాగించేశా, ఇక ఫోన్ మోయడం నా వల్ల కావట్లేదు. ఎంత దూరం, ఎంత టైం, ఏ పేస్ (అంటే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు), ఈ మూడూ కనిపిస్తే చాలు నాకు. కానీ వాచీల గురించి చదవడం మొదలుపెడితే డ్యూయల్ బ్యాండ్, ట్రైనింగ్ రెడీనెస్, ఆక్సిజన్ సెన్సర్, మ్యాపులు అంటూ తల తిరిగిపోతోంది. ఇవన్నీ నిజంగా కావాలా?

జవాబు: అక్కర్లేదండీ. మ్యాపులు వద్దు, ఆక్సిజన్ వద్దు, రెడీనెస్ స్కోర్ అయితే అసలే వద్దు, పొద్దున్న మంచం దిగగానే కాళ్లు ఎలా ఉన్నాయో వాచ్ కన్నా ముందు మీకే తెలిసిపోతుంది కదా. అలాగని సింపుల్‌దే కదా ఏ ఫిట్‌నెస్ బ్యాండ్ అయినా పర్లేదులే అనుకునేరు, చాలామంది దెబ్బతినేది అక్కడే. బాక్స్ మీద పెద్దగా జీపీఎస్ అని ఉంటుంది, వివరాల్లోకి వెళ్తే 'కనెక్టెడ్ జీపీఎస్' అని ఉంటుంది, అంటే బ్యాండ్‌లో అసలు జీపీఎస్ చిప్ లేదు, పక్కనే ఉన్న ఫోన్‌లోది వాడుకుంటుంది అన్నమాట. ఫోన్ ఇంట్లో వదిలేసి వెళ్తే అది చేతి ఊపుని బట్టి అడుగులు లెక్కేసి దూరం ఊహించి చెప్తుంది, అంతే. మీకు కావాల్సింది ఫోన్ వదిలేయడమే కాబట్టి 'బిల్ట్ ఇన్ జీపీఎస్' అని స్పష్టంగా రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే మిగతావి ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి.

ఆ తర్వాత నేనైతే చూసేది బటన్లు. అవును, జీపీఎస్ ఎంత కరెక్ట్ అనేదానికన్నా ముందు బటన్లే. పరుగులో చేతులు చెమటతో తడిసిపోయి ఉంటాయి, వాన పడొచ్చు, చలికాలం గ్లవ్స్ ఉండొచ్చు, అలాంటప్పుడు టచ్ స్క్రీన్ ఒకటికి మూడుసార్లు నొక్కినా పలకదు, లేదంటే నొక్కకుండానే చొక్కా చేయి రాసుకుని రన్ పాజ్ అయిపోతుంది, రెండు కిలోమీటర్లు పోయాక చూసుకుంటే టైమర్ ఆగిపోయి ఉంటుంది. స్టార్ట్, స్టాప్, ల్యాప్ (పరుగులో ఒక ముక్క అయిపోయిందని గుర్తుపెట్టేది) ఈ మూడూ వాచ్ వైపు చూడకుండా వేలితో నొక్కగలగాలి. టచ్ ఉన్నా తప్పులేదు, రన్ టైంలో దాన్ని లాక్ చేసే వీలుంటే చాలు.

ఇక పేస్ సంగతి, దీని మీద కొంచెం ఎక్కువ చెప్తా ఎందుకంటే వాచ్ కొన్న కొత్తలో అందరూ తిట్టుకునేది దీన్నే. కిలోమీటరుకి 6 నిమిషాల స్పీడ్‌లో పరిగెడుతున్నారనుకోండి, సెకనుకి మీరు కదిలేది సుమారు 2.8 మీటర్లు. జీపీఎస్ మీరున్న చోటుని చెప్పడంలో మంచి పరిస్థితుల్లో కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. అంటే ఒక సెకనులో మీరు కదిలిన దూరం కన్నా దాని పొరపాటే పెద్దది కావొచ్చు! వాచ్‌లు పాత రీడింగులు కలిపి, చేతి కదలిక కూడా చూసి దీన్ని కొంత సర్దుతాయి గానీ 'కరెంట్ పేస్' అనే అంకె మాత్రం 5:40, 6:15, 5:55 అని గెంతుతూనే ఉంటుంది, దాన్ని చూసి మీరు స్పీడ్ పెంచడం తగ్గించడం మొదలుపెడితే ఇక ఆ రన్ గోవిందా. దీనికి మందు ఖరీదైన వాచ్ కాదు, సెట్టింగ్స్‌లో ఆ అంకె తీసేసి 'ల్యాప్ పేస్' పెట్టుకోవడం. ఆటో ల్యాప్, అంటే వాచ్ తనంతట తానే ల్యాప్ కొట్టడం, ఒక కిలోమీటరు దగ్గర పెడితే ఆ కిలోమీటరు మొదలైన దగ్గర్నుంచి మీ సగటు పేస్ చూపిస్తుంది, మొదటి వంద మీటర్లు కొంచెం ఊగినా తర్వాత నిలకడగా ఉంటుంది. కాబట్టి కొనేముందు చూడాల్సింది ఇదీ, రన్నింగ్ స్క్రీన్‌లో ఏ అంకెలు కనపడాలో మనం మార్చుకోనిస్తుందా లేదా, అందులో ల్యాప్ పేస్ ఉందా లేదా. స్మార్ట్‌వాచ్ అని అమ్మే కొన్నిటిలో ఈ చిన్న పని కూడా కుదరదు, వంద వాచ్ ఫేసులు మాత్రం ఇస్తారు.

డ్యూయల్ బ్యాండ్ అడిగారు కదా. మామూలు జీపీఎస్ రిసీవర్ 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే ఎల్1 సిగ్నల్ ఒక్కటే వింటుంది, డ్యూయల్ బ్యాండ్ వాచ్ 1176.45 దగ్గరుండే ఎల్5 కూడా వింటుంది. ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల పైన ఉంటాయి, అక్కడ్నుంచి వచ్చే సిగ్నల్ ఎత్తైన బిల్డింగులకి తగిలి తిరిగొచ్చిందనుకోండి అది నడిచిన దారి పెరిగిపోతుంది, వాచ్ మాత్రం నేరుగా వచ్చిందనుకుని లెక్కేసి మిమ్మల్ని పక్క వీధిలో పెట్టేస్తుంది. నేరుగా వచ్చినదేదో తగిలొచ్చినదేదో విడదీయడానికి ఎల్5 బాగా పనికొస్తుంది. మీరు రోజూ పరిగెత్తేది ఎత్తైన బిల్డింగుల మధ్యనో కొండ లోయలోనో అయితే ఇది తీసుకోదగ్గదే. పార్కులో, తెరిపిగా ఉన్న రోడ్ల మీద అయితే తేడా మీకు మ్యాప్‌లో గీత కొంచెం నీట్‌గా ఉండటంలో కనిపిస్తుందేమో గానీ కిలోమీటర్ల లెక్కలో పెద్దగా కనపడదు. గ్లోనాస్, గెలీలియో, బేడౌ లాంటి వేరే దేశాల ఉపగ్రహాలు కూడా వాడుకునే సదుపాయం ఇప్పుడు మామూలు వాచ్‌లలో కూడా వచ్చేస్తోంది, అది ఉంటే ఆన్‌లో పెట్టుకోండి, బ్యాటరీ కాస్త ఎక్కువ తింటుంది అంతే. మాటవరసకి చెప్తున్నా, 2000 మే నెల దాకా అమెరికా ప్రభుత్వం జనం వాడే సిగ్నల్‌లో కావాలనే తేడా కలిపేది, అది ఆపేశాకే ఈ వాచీలన్నీ సాధ్యమయ్యాయి, గార్మిన్ కంపెనీ మొదటి ఫోర్‌రన్నర్ వాచ్ వచ్చింది 2003లో. ఆ రోజుల్లో జనం మణికట్టు మీద చిన్న ఇటుకంత దాన్ని కట్టుకుని కూడా సంతోషంగానే పరిగెత్తారు.

ఎంత మంచి చిప్ ఉన్నా మనం చేసే ఒక పని మొత్తం పాడుచేస్తుంది, గుమ్మం దాటుతూనే స్టార్ట్ నొక్కడం. ఉపగ్రహం తానెక్కడుందో చెప్పే వివరం మొత్తం పంపడానికి 30 సెకన్లు పడుతుంది, వాచ్‌కి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. ఫోన్‌తో అప్పుడప్పుడూ సింక్ చేస్తుంటే ఈ వివరాలు ముందే వాచ్‌లోకి దిగిపోతాయి, అప్పుడు కొన్ని సెకన్లలో దొరికిపోతుంది, వారాల తరబడి సింక్ చేయకపోతే నిమిషాలు పడుతుంది. ఆకాశం కనపడే చోట నిలబడి, సిగ్నల్ దొరికిందని వాచ్ చెప్పాక మొదలుపెట్టండి.

బ్యాటరీ విషయంలో '14 రోజులు' అనే అంకె చూడకండి, అది మామూలు వాచ్‌లా వాడితే. జీపీఎస్ మోడ్‌లో ఎన్ని గంటలు అనేది చూడండి. మీ హాఫ్ మారథాన్ రెండు రెండున్నర గంటలు కాబట్టి పది గంటలే చాలని అనిపిస్తుంది, కానీ లిథియం బ్యాటరీ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది, ఈ వాచ్‌లలో బ్యాటరీ మనం మార్చుకునేలా ఉండదు, అందుకే 20 గంటల దగ్గర ఉన్నది తీసుకుంటే నాలుగైదేళ్ల తర్వాత కూడా నిశ్చింతగా ఉంటారు. స్క్రీన్ రెండు రకాలు, అమోలెడ్ మెరిసిపోతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఎంఐపీ అనే రకం లోపల వెలవెలబోతుంది గానీ ఎండ ఎంత ఎక్కువుంటే అంత బాగా కనిపిస్తుంది, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. పరుగు కోసమే అయితే నా ఓటు ఎంఐపీకి, కానీ ఇది గొడవపడేంత విషయం కాదు.

పేర్లు చెప్పమంటారు కాబట్టి చెప్తా. గార్మిన్ ఫోర్‌రన్నర్ 55, 2021 మోడల్, ఐదు బటన్లు, టచ్ లేదు, 37 గ్రాములు, జీపీఎస్‌తో 20 గంటల దాకా, మీరు అడిగిన మూడు అంకెలకి అచ్చంగా సరిపోయేది ఇదే, పాతదైనా సరే. అదే కంపెనీ ఫోర్‌రన్నర్ 165 అనేది 2024లో వచ్చింది, అమోలెడ్ స్క్రీన్, టచ్ కూడా ఉంది, రంగులు ఇష్టమైతే అది. కోరోస్ పేస్ 3 నైలాన్ స్ట్రాప్‌తో 30 గ్రాములే ఉంటుంది, డ్యూయల్ బ్యాండ్ కూడా ఉంది, కాకపోతే ఐదు బటన్ల బదులు తిప్పే డయల్ ఒకటి, బటన్ ఒకటి, దుకాణంలో ఒకసారి తిప్పి చూసి మీకు కుదిరితేనే తీసుకోండి. పోలార్ పేసర్ కూడా ఐదు బటన్లదే. ఐఫోన్ ఉండి రోజంతా మెసేజ్‌లూ కాల్స్ చేతి మీదే కావాలంటే ఆపిల్ వాచ్ మంచిదే, దానికి సొంత జీపీఎస్ ఉంది, రోజూ ఛార్జింగ్ పెట్టే ఓపిక ఉండాలి, ఆండ్రాయిడ్ ఫోన్‌తో మాత్రం పనిచేయదు. ఏది కొన్నా మీ రన్ ఫైల్ జీపీఎక్స్ గానీ ఫిట్ ఫార్మాట్‌లో గానీ బయటకు తీసుకోవచ్చో లేదో ముందే చూసుకోండి. 2020 జులైలో గార్మిన్ మీద రాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లకి తాళం వేసి డబ్బు అడిగే రకం) జరిగి వాళ్ల సర్వర్లు కొన్ని రోజులు ఆగిపోయాయి, అప్పుడు కూడా వాచ్‌లు రన్నులు రికార్డ్ చేస్తూనే ఉన్నాయి, కేబుల్ పెట్టి ఫైల్ తీసుకున్నవాళ్లకి ఏ ఇబ్బందీ రాలేదు.

ప్రశ్న: మొన్న హాఫ్ మారథాన్‌లో నా వాచ్ 21.4 కిలోమీటర్లు చూపించింది. రేస్ వాళ్లు దూరం తప్పు కొలిచారా, నా వాచ్ పాడైందా? రెండు గంటల్లోపు పూర్తిచేద్దామనుకున్నా, వాచ్ ప్రకారం పేస్ సరిగ్గానే ఉంది, కానీ నిమిషంన్నర లేటయ్యాను.

జవాబు: మామూలుగా రెండూ కాదండీ. హాఫ్ అంటే 21.0975 కిలోమీటర్లు. సర్టిఫై చేసిన కోర్సులని సైకిల్ చక్రానికి జోన్స్ కౌంటర్ అనే మీటర్ బిగించి కొలుస్తారు, అది కూడా మలుపుల దగ్గర ఎంత దగ్గరి దారిలో పోవచ్చో ఆ దారిలో, పైగా తక్కువ పడకూడదని కిలోమీటరుకి ఒక మీటర్ కలుపుతారు. మీరేమో జనం మధ్యలో పక్కకి తప్పుకుంటూ, మలుపుల్లో బయట వైపు నుంచి తిరుగుతూ, నీళ్ల కోసం రోడ్డు దాటుతూ పరిగెత్తి ఉంటారు, దానికి జీపీఎస్ వంకర్లు కొన్ని తోడవుతాయి, 200, 300 మీటర్లు ఎక్కువ రావడం చాలా మామూలు.

లేటు ఎందుకయ్యారో లెక్క చూడండి. 21.1కి రెండు గంటలంటే కిలోమీటరుకి 5:41. కానీ మీ వాచ్ 21.4 కొలుస్తున్నప్పుడు రెండు గంటల్లో రావాలంటే వాచ్ మీద 5:36 కనపడాలి. మీరు వాచ్‌లో 5:41 చూసుకుని నిశ్చింతగా పరిగెత్తారు, ఆ ఐదు సెకన్లే ఇరవై ఒక్క సార్లు కలిశాయి. వచ్చేసారి రేస్‌లో ఆటో ల్యాప్ తీసేసి, దారిలో కిలోమీటర్ బోర్డు కనపడినప్పుడల్లా ల్యాప్ బటన్ మీరే నొక్కండి, అప్పుడు ప్రతి కిలోమీటరుకి నిజంగా ఎంత టైం పట్టిందో తెలుస్తుంది. పైన బటన్లు బటన్లు అని అంతలా చెప్పింది ఇందుకే.

ప్రశ్న: నెమ్మదిగా, మాట్లాడుకుంటూ పరిగెడుతున్నా వాచ్ హార్ట్ రేట్ 172 చూపిస్తోంది. నాకేమైనా సమస్య ఉందా అని భయంగా ఉంది.

జవాబు: హాయిగా మాట్లాడగలుగుతున్నారంటే ముందు వాచ్‌నే అనుమానించండి. అది ఆకుపచ్చ లైటు చర్మంలోకి వేసి, రక్తం ప్రవాహం ఎలా మారుతోందో చూసి కొట్టుకునే లెక్క చెప్తుంది. వాచ్ వదులుగా ఉంటే ఆ మార్పు బదులు చేతి ఊపు దొరుకుతుంది, నిమిషానికి మీరు వేసే అడుగులు కూడా 160, 170 దగ్గరే ఉంటాయి కాబట్టి ఆ అంకెనే గుండెదని చూపించేస్తుంది. మణికట్టు ఎముక మీద కాకుండా రెండు వేళ్లు పైకి జరిపి, కదలకుండా బిగించి చూడండి, చలిలో కాస్త ఒళ్లు వేడెక్కేదాకా ఆగండి. టాటూ మీద పెడితే కూడా తప్పు చూపిస్తుంది. హార్ట్ రేట్ చూసుకుంటూ ట్రైనింగ్ చేయాలనుంటే బ్లూటూత్ ఛాతీ స్ట్రాప్ కొనుక్కోండి, అది గుండె ఎలక్ట్రికల్ సిగ్నల్‌నే పట్టుకుంటుంది కాబట్టి ఈ గోల ఉండదు, పైన చెప్పిన వాచ్‌లన్నిటితో కలుస్తుంది. అనుమానం వస్తే ఆగి, మెడ దగ్గర వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. అప్పుడు కూడా 172 దగ్గరే వచ్చినా, కళ్లు తిరగడం, ఛాతీలో నొప్పి లాంటివి ఉన్నా పరుగు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, అది వాచ్ విషయం కాదు.

ప్రశ్న: ట్రెడ్‌మిల్ మీద 5 అని చూపిస్తే వాచ్ 4.6 అంటోంది. ఏది నమ్మాలి?

జవాబు: లోపల జీపీఎస్ ఉండదు కాబట్టి వాచ్ చేతి ఊపుని బట్టి ఊహిస్తోంది, రెయిల్ పట్టుకుని పరిగెత్తితే ఇంకా తగ్గుతుంది. ట్రెడ్‌మిల్ మోడ్‌లో రన్ అయ్యాక సేవ్ చేసే ముందు క్యాలిబ్రేట్ అని అడుగుతుంది చాలా వాచ్‌లలో, మెషీన్ అంకె అక్కడ ఇవ్వండి, తర్వాత నుంచి దగ్గరగా వస్తుంది. మెషీన్ బెల్టులు కూడా అన్నీ కరెక్ట్ కాదనుకోండి.

ప్రశ్న: నా రన్ మ్యాప్‌లో మా ఇల్లు తెలిసిపోతోంది, ఏం చేయాలి?

జవాబు: ఇవాళే మార్చండి. రన్నులు పంచుకునే స్ట్రావా యాప్‌లో అయితే ప్రైవసీ కంట్రోల్స్‌లో మ్యాప్ విజిబిలిటీ అని ఉంటుంది, అందులో మొదలైన చోటు, ముగిసిన చోటు చుట్టూ కొంత దూరం దాచేయొచ్చు, ఇంటి అడ్రస్ ఇచ్చి అక్కడ మాత్రమే దాచమనీ చెప్పొచ్చు. దాంతోపాటు అందరి రన్నులూ కలిపి ఒకే మ్యాప్‌లో చూపే హీట్‌మ్యాప్‌కి మీ డేటా వెళ్లకుండా ఆపే స్విచ్ కూడా ఉంది, 2018 జనవరిలో ఆ హీట్‌మ్యాప్ చూసే జనం సైనిక స్థావరాల్లో పరుగు దారులు కనిపెట్టేశారు, పేర్లు లేకపోయినా సరే. వాచ్ కంపెనీ సొంత యాప్‌లో కూడా ప్రొఫైల్ ఎవరికి కనపడాలో వేరేగా పెట్టుకోవాలి, ఒకచోట మారిస్తే రెండోచోట మారదు. పాత రన్నులకి ఆ సెట్టింగ్ వర్తించిందో లేదో, లాగౌట్ అయ్యి వేరే బ్రౌజర్‌లో మీ ప్రొఫైల్ తెరిచి చూసుకోండి.