గార్డులందరినీ ఒకే గాటన కట్టకు

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆస్కార్ రాబర్ట్‌సన్ నుంచి స్టెఫెన్ కర్రీ దాకా పదిమంది గార్డులకు, అంటే బంతిని నడిపించే ఆటగాళ్లకు, మార్కులు వేసి వరస పెట్టావు. పడ్డ శ్రమ తెలుస్తోంది గానీ ఆట మాత్రం ఎక్కడా కనబడలేదు.

ముందు రాబర్ట్‌సన్ సంగతి చూడు. 1961-62లో సిన్సినాటి రాయల్స్ తరఫున మ్యాచికి సగటున 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు (బుట్టలో పడని బంతిని అందుకోవడం), 11.4 అసిస్టులు (బుట్టలో వేసేవాడికి బంతి అందించడం). 2016-17లో ఓక్లహోమా సిటీ గార్డు రసెల్ వెస్ట్‌బ్రూక్‌వి 31.6, 10.7, 10.4. రీబౌండ్లు ఎక్కువున్నాయి గనక రాబర్ట్‌సనే మేటి అని తేల్చేశావు. అప్పట్లో ఒక్కో జట్టు మ్యాచికి నూరుకు పైగా షాట్లు వేసేది, సగం కూడా పడేవి కావు. పడని బంతి ఎవరో ఒకరి చేతికి రావాల్సిందే కదా! వెస్ట్‌బ్రూక్ నాటికి షాట్లు 85 దగ్గరికి దిగాయి, గురి పెరిగింది. పైగా రాబర్ట్‌సన్ మ్యాచికి 44 నిమిషాలు కోర్టులో ఉన్నాడు, వెస్ట్‌బ్రూక్ 35 లోపే.

అలాగని పెద్దాయన్ని కిందికి దించేయకు. ఆ రోజుల్లో డ్రిబుల్ చేస్తూ, అంటే బంతిని నేలకు కొడుతూ, అరచెయ్యి బంతి కిందికి జారితే రిఫరీ విజిల్ వేసేవాడు. ఇవాళ్టి గార్డులు డిఫెండర్‌ను బోల్తా కొట్టించే ఒడుపుల్లో సగం అప్పుడు చెల్లేవి కావు. డిఫెండర్ నడుం మీద చెయ్యేసి ఆపినా చూసీచూడనట్టు పోయేవారు. దాని మీద గట్టిగా పట్టుబట్టింది 2004-05 నుంచే. మూడు పాయింట్ల గీత వచ్చిందే 1979-80లో. కర్రీ 2015-16లో ఆ గీత బయటి నుంచి 402 షాట్లు బుట్టలో వేశాడని రాసేటప్పుడు, ఆ గీత రాకముందు ఆడిన గార్డు జెర్రీ వెస్ట్ అంత దూరం నుంచి వేసినా రెండే ఇచ్చేవారన్న మాట పక్కనే ఉండాలి.

వెస్ట్ దగ్గర నీకు పెద్ద పొరపాటే దొర్లింది. స్టీల్స్‌లో, అంటే ప్రత్యర్థి నుంచి బంతి కొట్టేయడంలో, మరో గార్డు జాన్ స్టాక్‌టన్‌కు 3,265 ఉంటే వెస్ట్‌కు వందైనా లేవని వెక్కిరించావు. లీగ్ స్టీల్స్ లెక్కపెట్టడం మొదలెట్టిందే 1973-74లో. అది వెస్ట్ ఆఖరి సీజన్, అందులోనూ గాయాలతో సగం కూడా ఆడలేదు. అంతకుముందు పదమూడేళ్లు కొట్టేసిన బంతులు ఏ పుస్తకంలోనూ లేవు. పట్టికలో ఖాళీ కనబడితే ఆటగాణ్ణి కాదు, పట్టికను అనుమానించు.

డెట్రాయిట్ గార్డు ఐజయా థామస్‌ను అడుగున పడేశావు. 1988 ఫైనల్స్ ఆరో మ్యాచ్ వీడియో చూడు. మూడో క్వార్టర్‌లో అతని చీలమండ బెణికింది. కాసేపు బయటికెళ్లి కుంటుకుంటూనే వచ్చాడు. ఒంటికాలి మీద గెంతుతున్నట్టు వెనక్కి పరిగెత్తుతూ, మళ్లీ బంతి అందుకుని బుట్టలో వేస్తుంటాడు. ఆ ఒక్క క్వార్టర్‌లో 25 పాయింట్లు. డెట్రాయిట్ 103-102తో ఓడింది, ఆ తర్వాత ఏడోదీ పోయింది. కెరీర్ సగటు 19.2 అని రాసి ఊరుకుంటే ఇదంతా పాఠకుడికి ఎలా తెలుస్తుంది?

అన్నట్టు, ‘బాస్కెట్‌బాల్ బ్రాడ్‌మన్’ లాంటి బిరుదులు కొట్టెయ్. మనవాళ్లకు క్రికెట్ తెలుసు కదాని ప్రతిదాన్నీ అందులోకి లాగక్కర్లేదు.

పదిమందీ వద్దు. రాబర్ట్‌సన్, వెస్ట్‌బ్రూక్ ఇద్దరినే తీసుకుని తిరగరాయి. ఆటగాళ్ల స్వేచ్ఛ కోసం రాబర్ట్‌సన్ పేరిట 1970లో లీగ్ మీద వేసిన దావా మరో వ్యాసానికి దాచుకో, అది పెద్ద కథ. ఆదివారంలోగా పంపితే సోమవారం చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య