పర్సుని ‘రాబ్’ చేస్తారా?

సందేహం: ‘మై పర్స్ వాజ్ రాబ్డ్’ అని రాస్తే తప్పని ఒకరు దిద్దారు. స్టీల్ అన్నా రాబ్ అన్నా దొంగిలించడమే కదా? తెలుగులోకి మార్చేటప్పుడు కూడా ఈ తేడా చూడాలా?

సమాధానం: దిద్దినవారు చెప్పిందే రైటు. వ్యాకరణం ప్రకారం స్టీల్‌కి కర్మ పోయిన వస్తువు, రాబ్‌కి కర్మ దాన్ని పోగొట్టుకున్న మనిషి, లేదా ఇల్లు, బ్యాంకు లాంటి చోటు. అందుకని ‘మై పర్స్ వాజ్ స్టోలెన్’ అనాలి, కాదంటే ‘ఐ వాజ్ రాబ్డ్’ అనాలి. రాబ్ వాడి వస్తువు పేరు కూడా చెప్పాలంటే మధ్యలో ‘ఆఫ్’ రావాలి: దే రాబ్డ్ హిమ్ ఆఫ్ హిజ్ మనీ. మనం ఇక్కడ తడబడటానికి కారణం తెలుగే అనుకుంటాను. ‘బ్యాంకుని దోచారు’ అంటాం, ‘నగలు దోచుకున్నారు’ అనీ అంటాం, రెండూ మంచి తెలుగే, ఆ అలవాటే ఇంగ్లీషులోకీ వచ్చేస్తుంది.

ఇక అర్థం. స్టీల్‌లో ఉన్నది చాటు. స్టెల్త్ (చాటుమాటుగా చేయడం) అనే మాట స్టీల్‌కి చుట్టమే. మన ‘దొంగ’లోనూ ఇదే ఉంది, దొంగచాటు, దొంగచూపు చూడండి, ఎవరి సొమ్మూ పోకపోయినా దొంగ వచ్చి కూర్చున్నాడు! రాబ్‌లో ఉన్నది బలప్రయోగం, బెదిరింపు. ఇంగ్లండులో 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ 8వ సెక్షన్ కూడా, దొంగతనం కోసం ఆ సమయంలోనో సరిగ్గా ముందో బలం వాడితే, భయపెడితే రాబరీ అంటుంది. మామూలు మాటల్లో ఇంత పట్టింపు లేదు, ఎవరూ లేని ఇంట్లో దొంగలు పడినా రాబ్ అనేస్తారు. చట్టం దృష్టిలో అది బర్గ్లరీ.

తెలుగు చేసేటప్పుడు స్టీల్‌కి దొంగిలించు, రాబ్‌కి దోచు అని గుడ్డిగా పెట్టేయకండి. ఇంగ్లీషువాళ్లు మనసుని ‘స్టీల్’ చేస్తారు, మనం దోచుకుంటాం. ‘రాబ్డ్ మీ ఆఫ్ స్లీప్’ అంటే నిద్ర దొంగిలించింది అని కాదు, నిద్ర లేకుండా చేసింది అని. నేరం వార్తల వరకైతే తేడా పాటించాల్సిందే: తాళం పగలగొట్టి చడీచప్పుడు లేకుండా పట్టుకుపోతే చోరీ, కత్తి చూపించి లాక్కుంటే దోపిడీ. అలాగని ఆ కత్తి చూపించినవాణ్ణి ‘దోపిడీదారు’ అనకండి, ఆ మాట శ్రమ దోపిడీ చేసేవాళ్లకి ఎప్పుడో స్థిరపడిపోయింది. వీడికి ‘దోపిడీ దొంగ’ చాలు.