ఆటో కొనిస్తే తాగుడు మానేస్తాడా?

ప్రశ్న: మాది హైదరాబాద్, బోరబండ. నేను నాలుగిళ్లలో పని చేస్తా, నెలకు 14,000 వస్తాయి. మా ఆయనకు 38 ఏళ్లు, పెయింటింగ్ పని. పని దొరికిన రోజు 900 తెస్తాడు, అందులో 250 తాగుడికే. పని లేని రోజు ఇంకా ఎక్కువ తాగుతాడు, అదీ అప్పు చేసి. బాబుకు డెంగీ వచ్చినప్పుడు డైలీ ఫైనాన్స్‌లో 20,000 తీసుకున్నాం. చేతికి 17,000 ఇచ్చారు, రోజుకు 200 చొప్పున వంద రోజులు కట్టాలి. ఇంకా 40 రోజులుంది. పుస్తెలతాడు కుదువపెట్టి, మిగతాది ఫైనాన్స్‌లో తెచ్చి సెకండ్ హ్యాండ్ ఆటో కొనిస్తే బాధ్యత తెలిసి మానేస్తాడని మా అత్త అంటోంది. కొనమంటారా?

జవాబు: వద్దమ్మా. ‘పెళ్లి చేస్తే దారికొస్తాడు’ అన్న పాత మాటే ఇప్పుడు ‘ఆటో కొనిస్తే దారికొస్తాడు’గా మారింది. ఇలా పుస్తెలు పోగొట్టుకున్న ఇళ్లు చాలా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా. తాగి నడుపుతూ మొదటిసారి దొరికితేనే 10,000 దాకా జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. తాగి గుద్దితే బండి రిపేరుకు ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. కిస్తీ మాత్రం ఆగదు.

‘పని లేని రోజు ఇంకా ఎక్కువ తాగుతాడు’ అని రాశారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను. డబ్బు ఎక్కువై తాగేవాడు పని ఉన్న రోజే ఎక్కువ తాగాలి కదా! పగలంతా నిచ్చెన మీద ఉప్పుకాగితం రుద్దిన భుజాల నొప్పి, సాయంత్రం చేతిలో కూలి డబ్బు, అడ్డా నుంచి వచ్చే దారిలోనే వైన్ షాపు, అది మూశాక బస్తీలో బెల్టు షాపు, అక్కడ ఖాతా. వీటికి తోడు గుమ్మంలో వసూలు మనిషి. చేతిలో 200 లేని మగాడు ఆ టైముకు ఇంట్లో ఉండడు. ఎక్కడుంటాడో నాకంటే మీకే బాగా తెలుసు. ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. తాగుడు, డైలీ ఫైనాన్స్ ఒకదాన్నొకటి మేపుతాయని చెబుతున్నానంతే. మీ 17,000 మీద వడ్డీ ఏడాదికి లెక్క కడితే నూటికి నూరు దాటుతుంది. దాని మీద ఇంకో ఫైనాన్సా?

డెంగీ నాడు ఇంట్లో 15,000 ఉంటే ఈ వసూలు మనిషి మీ గడప తొక్కేవాడే కాదు. ఎలాగోలా 40 రోజులు కట్టేయండి. 41వ రోజున ఆపకండి. అదే 200 మీకు మీరే కట్టుకోండి, వారానికి 1,400 మీ ఒక్కరి పేరున ఉన్న ఖాతాలో. 75 రోజులకు 15,000 అవుతుంది. వానాకాలంలో పెయింటింగ్ పని ఆగినా అద్దె, బియ్యం నడుస్తాయి. పోపులడబ్బాలో దాచొద్దు, తాగేవాడికి మొదట తెలిసే చోటు అదే. ఏటీఎం పిన్ అత్తకు కూడా చెప్పకండి. డబ్బు కోసం చెయ్యి చేసుకుంటే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఆయనకేమైనా అయితే మీకు డబ్బు అందేలా, ఆయన ఖాతా నుంచి ఏటా 436 కట్ అయ్యే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా పెట్టించి, నామినీగా మీ పేరు రాయించండి. తప్పనిసరై అప్పు చేయాల్సి వస్తే మహిళా సంఘంలో అడగండి, లేదంటే బ్యాంకులో బంగారం పెట్టండి.

రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. కాబట్టి ఒట్లు వేయించడం, తెలియకుండా అన్నంలో తాగుడు మాన్పించే మందు కలపడం వద్దు. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి తీసుకెళ్లండి. ముందు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

ఆటో సంగతి ఆయన ఆరు నెలలు తాగకుండా ఉన్నాక మళ్లీ రాయండి. అప్పుడైనా పుస్తెలతాడు మీద మాత్రం కాదు.