వేసవి శిక్షణల ఈఎల్స్ ఎస్‌ఆర్‌లో జమ కాలేదు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్‌జీటీ)గా చేరి, స్కూల్ అసిస్టెంట్‌గా 2024 జూన్ 30న రిటైరయ్యాను. 2003 నుంచి 2009 మధ్య ఆరు వేసవుల్లో సర్వశిక్షా అభియాన్ శిక్షణలకు మొత్తం 61 రోజులు వెళ్లాను. మా అత్తగారు మంచాన ఉన్నా, పిల్లలకు జ్వరాలున్నా మే నెల ఎండలో రెండు బస్సులు మారి వెళ్లాను. ఆ రోజులకు రావలసిన ఆర్జిత సెలవులు (ఈఎల్స్) ఒక్కటీ నా సర్వీసు రిజిస్టరు (ఎస్‌ఆర్)లో జమ కాలేదు. మా యూనియన్ నాయకుడు 2011లో ఒకసారి, 2017లో ఒకసారి అందరి తరఫునా రిప్రజెంటేషన్ ఇచ్చి, 'మేం చూసుకుంటాం, నువ్వు నిశ్చింతగా ఉండమ్మా' అన్నారు. కోర్టు ఖర్చులని 2 వేలు కూడా తీసుకున్నారు. తీరా రిటైరయ్యాక 2024 సెప్టెంబరులో 142 రోజులకే సెలవు నగదు (ఎన్‌క్యాష్‌మెంట్) మంజూరు చేశారు. 61 రోజులు పోయాయి. ఇప్పుడాయన ఫోన్ ఎత్తడం లేదు. రిటైరైన మండల విద్యాధికారి (ఎంఈఓ) ఒకరు పాత తేదీలతో శిక్షణ సర్టిఫికెట్లు రాసిస్తానంటున్నారు. ఆయన పంపిన నమూనా ఫొటో జతచేశాను. 20 ఏళ్ల నాటి సంగతి కాబట్టి కాలపరిమితి దాటిపోయిందా? నన్ను మోసం చేసిన యూనియన్ మీద కేసు వేయవచ్చా?

జవాబు: టీచర్ గారూ, మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. అందులో మూడున్నర పేజీలు యూనియన్ నాయకుడి గురించే. కేసును తేల్చేది ఆయన కాదు, 2024 జూన్ 30. ఆ తారీఖును మీరు ఒక్కసారే, అదీ మొదటి వాక్యంలో రాసి వదిలేశారు.

కాలపరిమితి గురించి మీ మనసులో రెండు లెక్కలున్నాయి. శిక్షణలు 20 ఏళ్ల కిందటివి కాబట్టి అంతా అయిపోయిందన్నది మొదటిది. యూనియన్ రిప్రజెంటేషన్లు పెండింగ్‌లో ఉన్నాయి కాబట్టి గడువు ఆగే ఉంటుందన్నది రెండోది. రెండూ తప్పే.

మీరు అడుగుతున్నది 2006లో సెలవు కాదు. రిటైరైన రోజున మీ ఖాతాలో ఉండాల్సిన ఈఎల్స్‌కు డబ్బు. ఆ డబ్బు చెల్లించాల్సిన బాధ్యత రిటైర్మెంట్‌తో పుడుతుంది. లెక్క తగ్గించి మంజూరు చేసిన ఉత్తర్వుతో మీ ఫిర్యాదు పుడుతుంది. పెన్షన్, గ్రాట్యుటీ, సెలవు నగదు ప్రభుత్వం పెట్టే భిక్ష కాదని, రాజ్యాంగం 300-ఎ అధికరణ కింద ఉద్యోగి ఆస్తి అని 2013లో జార్ఖండ్ ప్రభుత్వానికీ జితేంద్ర కుమార్ శ్రీవాస్తవకూ మధ్య కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి శిక్షణ పాతదన్న ఒక్క కారణంతో మిమ్మల్ని గేటు దగ్గరే ఆపలేరు.

రిట్ పిటిషన్‌కు చట్టంలో ఇన్ని రోజులని గడువు లేదు. కానీ ఆలస్యాన్ని కోర్టు చూస్తుంది. డబ్బు దావాకు ఉండే మూడేళ్ల గడువునే రిట్‌కూ కొలబద్దగా తీసుకోవచ్చని 1964 నాటి భాయ్‌లాల్ భాయ్ కేసు నుంచీ వస్తున్న మాట. మంజూరు ఉత్తర్వు సెప్టెంబరుదే అయినా, నేను జాగ్రత్త కోసం రిటైరైన రోజు నుంచే లెక్కపెడతాను. అంటే 2027 జూన్ 30. ఆ లోపు మీ పిటిషన్ హైకోర్టులో నంబరు పడి ఉండాలి. ఆ వారంలో పరుగెత్తుకుంటూ లాయరు దగ్గరికి వెళ్లడం కాదు.

ఇక రిప్రజెంటేషన్లు. చట్టంలో అప్పీలుగా ఏర్పాటు చేయని అర్జీలను ఎన్నిసార్లు పెట్టినా గడువు పెరగదని 1989లో ఎస్.ఎస్. రాథోడ్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. 2008లో సి. జాకబ్ కేసు ఇంకో అడుగు ముందుకు వేసింది. చచ్చిపోయిన క్లెయిము మీద కొత్తగా అర్జీ పెట్టి, దానికి 'కుదరదు' అని జవాబు తెచ్చుకుని, ఆ జవాబు తేదీ నుంచి మళ్లీ గడువు లెక్కపెట్టుకోవడం కుదరదంది. ఉపాధ్యాయ సంఘాల ఆఫీసుల్లో గోడలకు ఫ్రేము కట్టి పెట్టాల్సిన తీర్పులివి. వేతన సవరణ (పీఆర్‌సీ) నుంచి కరువు భత్యం (డీఏ) దాకా ప్రతిదానికీ రిప్రజెంటేషన్ ఇచ్చాం అని చెప్పుకునే అలవాటు మనకు బాగా ముదిరింది. రిప్రజెంటేషన్ ఇవ్వడం సంఘం పని. గడువు చూసుకోవడం మాత్రం ఎవరిది వాళ్లదే.

అయితే ఆ 2011, 2017 అర్జీలను పారేయమనడం లేదు. వాటి వల్ల గడువు పెరగదు గానీ, సాక్ష్యంగా పనికొస్తాయి. అనుబంధ జాబితాలో మీ పేరు, మీ స్కూలు, శిక్షణ రోజులు ఉంటే, రిటైరయ్యాక డబ్బు కోసం అల్లిన కథ కాదని, సర్వీసులో ఉండగానే అడిగారని కోర్టుకు కనబడుతుంది. 'టీచర్లందరికీ' అని ఒక్క వాక్యం మాత్రమే ఉంటే మీకు దాంతో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

యూనియన్ మీద కేసు వద్దు. సంఘం మీ వకీలు కాదు, మీరు వకాల్తా ఇవ్వలేదు. 2 వేలకు రసీదు ఉందా అంటే మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆ దావా గెలిచినా మీ ఈఎల్స్ ఒక్కటీ పెరగవు.

మీరు సంఘం ఆఫీసుకు వెళ్లాల్సింది వేరే పని మీద. వేసవి శిక్షణను డ్యూటీగా లెక్కించాలని, ఈఎల్స్ ఇవ్వాలని అప్పట్లో కొట్లాడినవి ఈ సంఘాలే. అలా వచ్చిన ఉత్తర్వులను సంఘం పత్రికల్లో, డైరీల్లో అచ్చువేసుకునే అలవాటూ వాళ్లదే. ప్రభుత్వ ఆఫీసు బీరువాలో చెదపట్టిన కాగితం సంఘం ఆఫీసు అటకమీద భద్రంగా దొరకడం నేను చూశాను. ఆ నాయకుడు ఫోన్ ఎత్తకపోతే మానె, ఆఫీసు చూసుకునే పెద్దాయన దగ్గర కూర్చుని 2003 నుంచి 2009 దాకా పాత సంచికలు తిరగేయండి. మీరు వెతకాల్సింది శిక్షణ ఉత్తర్వు చివర్లో ఉండే ఒక్క వాక్యం: హాజరైనవారు నిబంధనల ప్రకారం ఈఎల్స్‌కు అర్హులు అని. ఆ వాక్యం ఉన్న ఏడాదికి మీ కేసు బలంగా ఉంటుంది. దాని బదులు పరిహార సెలవు (సీసీఎల్) ఇస్తామని ఉండి, మీరు ఆ సీసీఎల్ వాడేసుకుని ఉంటే, ఆ ఏడాదిని పిటిషన్‌లోంచి తీసేయండి. ఒకే రోజుకు రెండు ప్రయోజనాలు అడిగినట్టు తేలితే మిగతా ఐదేళ్ల మీద కూడా జడ్జికి అనుమానం వస్తుంది.

ఇప్పుడు ఆ ఫొటో సంగతి. రెండుసార్లు చూశాను, పెద్దదిగా చేసి మరీ చూశాను. సర్టిఫికెట్ తేదీ 2006 మే 27. పైన శీర్షికలో 'సమగ్ర శిక్ష' అని ఉంది. ఆ పథకం 2018లో వచ్చింది, 2006లో ఉన్నది సర్వశిక్షా అభియాన్. కింద రబ్బరు ముద్రలో 'బాపట్ల జిల్లా' అని ఉంది. బాపట్ల జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. అంటే జిల్లా పుట్టడానికి పదహారేళ్ల ముందే మీ ఎంఈఓ గారు దాని ముద్ర కొట్టారన్నమాట! ప్రభుత్వం తరఫు న్యాయవాది (జీపీ)కి ఇది పట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలు.

ముద్ర సరిచేసి ఇంకోటి ఇస్తారులే అనుకోకండి. పాత తేదీ వేసి ఇప్పుడు సృష్టించిన కాగితం భారతీయ న్యాయ సంహిత 336 కింద ఫోర్జరీ. అది దొంగదని తెలిసీ ఆఫీసులోనో కోర్టులోనో దాఖలు చేస్తే 340 మీ మెడకు చుట్టుకుంటుంది, రాసిచ్చినాయనకే కాదు. పెన్షన్ నిబంధనల్లో ఎనిమిదోది ఒకసారి చదవండి. రిటైరయ్యాక కూడా సత్ప్రవర్తన ఉంటేనే పెన్షన్, తీవ్రమైన నేరంలో శిక్ష పడితే ఆపేయవచ్చు. నెల, నెలన్నర జీతం కోసం జీవితాంతం వచ్చే పెన్షన్‌ను పణంగా పెడతారా? మీరు శిక్షణకు నిజంగానే వెళ్లారు కాబట్టి తప్పేముందనిపించవచ్చు. అదే అసలు ప్రమాదం. నిజం చెప్పడానికి దొంగ కాగితం పెట్టినవాళ్లు ఆ కాగితంతో పాటు నిజాన్ని కూడా పోగొట్టుకోవడం కోర్టుల్లో రోజూ చూస్తున్నాం. ఆయనకు డబ్బు ఇవ్వకండి. ఆ ఫొటోను ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి.

నెల, నెలన్నర జీతం అన్నాను, రెండు నెలలు అనలేదు. ఎందుకంటే మీ 61 లెక్కే తప్పు. 61 రోజుల శిక్షణకు 61 ఈఎల్స్ రావు. బడుల్లాంటి, వేసవి సెలవులుండే శాఖల్లో (వెకేషన్ డిపార్ట్‌మెంటు) వాడుకోలేకపోయిన సెలవు రోజులకూ ఆ ఏడాది మొత్తం వేసవి సెలవులకూ ఉన్న దామాషాలో జమచేస్తారు. మీ 61 ఎక్కడో సగానికి అటూఇటూ తేలుతుంది. లెక్కల టీచరు కాకపోయినా, 30 ఏళ్లు పైబడి ఎస్‌ఆర్ మోసినవారికి ఇది తెలిసి ఉండాలి. ఏడాదివారీగా కచ్చితమైన లెక్క వేయించుకోండి. మొత్తం ఖాతా 300 రోజుల పరిమితి దాటకూడదు. మీ 142కు ఇవి కలిపినా దాటవు కాబట్టి ఆ భయం లేదు. కానీ పిటిషన్‌లో 61 అని రాసి, తర్వాత జీపీ లేచి 'ముప్ఫైకి మించదు' అని చూపిస్తే, తొలి వాయిదాలోనే మీరు ఎక్కువ అడిగినవారైపోతారు.

ఒకమాట అడుగుతాను, కోప్పడకండి. ఎస్‌ఆర్‌ను ఏడాదికోసారి ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలన్నది నియమం. మీరు సంతకాలు పెట్టారా? పెట్టి ఉంటే, లీవు అకౌంటు పేజీ చూసే పెట్టారా, లేక హెడ్మాస్టర్ టేబుల్ మీద గుమాస్తా వేలు పెట్టిన చోట గీసేసి బెల్లు మోగిందని క్లాసుకు వెళ్లారా? ప్రభుత్వానికి ఉన్న అసలైన వాదన ఇదే: 'ఏటా చూసి సంతకం పెట్టిన ఖాతాను రిటైరయ్యాక తప్పంటున్నారు.' దీనికి మన దగ్గర కోపం కాదు, అప్పటి కాగితం ఉండాలి.

ఆ కాగితాలు ఎక్కడ దొరుకుతాయో చెబుతాను. శిక్షణకు హాజరైనవారికి అప్పట్లో ప్రయాణ, దినసరి భత్యాలు (టీఏ, డీఏ) నగదుగా ఇచ్చి, పట్టికలో సంతకం పెట్టించుకునేవారు. ఆ అక్విటెన్స్ కాగితం ఒక్కటి వంద సర్టిఫికెట్ల పెట్టు. తేదీ, కేంద్రం, ఎన్ని రోజులకు ఎంత, పక్కన మీ అప్పటి సంతకం, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. డబ్బు ఖర్చుకు వోచరు కాబట్టి ఆడిట్ చూసి ఉంటుంది. జిల్లా ప్రాజెక్టు ఆఫీసులో, మండల వనరుల కేంద్రంలో అడగండి. శిక్షణకు మిమ్మల్ని రిలీవ్ చేసిన ఉత్తర్వు, మీ స్కూలు హాజరు పట్టీలో ఆ మే నెల పేజీ, అదే శిక్షణకు వచ్చి ఈఎల్స్ జమ చేయించుకున్న తోటి టీచరు ఎస్‌ఆర్ పేజీ నకలు కూడా కావాలి. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒకే గదిలో, ఒకే ఉత్తర్వు మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వలేదంటే, కారణం చెప్పాల్సింది శాఖే. కానీ వాళ్లకు ఇచ్చారు కాబట్టి నాకూ అదే వస్తుందని చేతులు కట్టుకుని కూర్చోకండి. గోడమీద కూర్చుని చూసేవాళ్లకు తర్వాత వాటా ఇవ్వనక్కరలేదని 2014లోనే అరవింద్ కుమార్ శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది.

అడగడం నోటితో కాదు, సమాచార హక్కు దరఖాస్తుతో. మండల ఆఫీసుకు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకు 10 రూపాయలు ఫీజు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి. 'రికార్డు దొరకడం లేదు' అని రాసిచ్చినా బాధపడకండి, ఆ జవాబును కూడా ఫైల్లో పెట్టండి. రికార్డు పోగొట్టుకున్నది ఆఫీసైతే, మీ దగ్గరున్న నకళ్లనూ, తోటివారి అఫిడవిట్లనూ కోర్టు చూడటానికి అది దారి తీస్తుంది.

ఇవి చేతికొచ్చాక మీ జీతాల బిల్లులు పెట్టే అధికారి (డీడీఓ)కీ జిల్లా విద్యాధికారి (డీఈఓ)కీ మీ ఒక్కరి పేరుతో అర్జీ పెట్టండి, యూనియన్ లెటర్‌హెడ్ మీద కాదు. ఏడాదివారీ పట్టిక, కాగితాల నకళ్లు జతచేసి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. రెండు నెలలు చూడండి, అంతకు మించి వద్దు. ఉద్యోగుల కేసులు చూసే అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ రాష్ట్రంలో ఇప్పుడు లేదు కాబట్టి నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి. లాయరుతో ఒక్క విషయం గట్టిగా చెప్పండి. 'నా అర్జీని పరిశీలించమని ఆదేశించండి' అని మాత్రమే అడిగితే, ఆ ఉత్తర్వు మొదటి వాయిదాకే వచ్చేస్తుంది, ఆర్నెల్లకు శాఖ ఒక్క లైనులో తిరస్కరిస్తుంది, మీరు మళ్లీ మొదటికొస్తారు. ఈఎల్స్ జమ చేసి తేడా డబ్బు వడ్డీతో ఇవ్వాలని పిటిషన్‌లో కోరికలు రాసే 'ప్రార్థన' భాగంలోనే రాయించండి.

మీ ఎస్‌ఆర్ పెన్షన్ ఫైలుతో వెళ్లి తిరిగి డీడీఓ దగ్గరికే వచ్చి ఉంటుంది. సోమవారం వెళ్లి లీవు అకౌంటు పేజీలన్నిటికీ ధ్రువీకరించిన నకళ్ల కోసం దరఖాస్తు ఇచ్చి, రెండో కాపీ మీద ఆ రోజు తేదీతోనే ఇన్‌వార్డ్ ముద్ర వేయించుకోండి. అవి వచ్చాక మళ్లీ రాయండి. ఈసారి పేజీలు మాత్రం పంపండి, ఉత్తరం అర పేజీ చాలు.