వియ్యపురాలికి భయపడి పథ్యం పెడతారా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. అమ్మాయికి సిజేరియన్ అయి 25 రోజులు. ఆడపిల్ల. పురుడు మా ఇంట్లోనే. పథ్యం పద్ధతిగా పెడుతున్నాను, వేణ్ణీళ్లు కూడా లెక్కగానే ఇస్తున్నాను. వేడి చేస్తాయని ఐరన్ మాత్రలు ఆపాను. పాలు పడాలని సొర పిట్టు చేస్తున్నాను. అయినా ఊరికే ఏడుస్తుంది, పాప పడుకున్నా తను పడుకోదు. ‘దీన్ని నువ్వే పెంచుకో’ అంటుంది. వియ్యపురాలు రోజూ ఫోన్ చేసి పాలు చాలుతున్నాయా అని ఆరా తీస్తుంది. మూడో నెలలో పంపమని పట్టు. మా ఆనవాయితీ ఐదో నెల. కాదంటే ఏమనుకుంటారో. ఏం చెయ్యమంటారు?

జవాబు: మూడో నెలా, ఐదో నెలా అన్నది తర్వాత చూసుకోవచ్చమ్మా, పక్కన పెట్టండి. ఉత్తరమంతా వియ్యపురాలి గోలే. అమ్మాయి అన్న మాట ఒక్కటే ఉంది, దాన్నీ దాటేసి వెళ్లిపోయారు. రేపు ఏదైనా అయితే పుట్టింటివాళ్లు సరిగ్గా చూడలేదంటారని భయం. అందుకే ఆవిడకి లెక్క అప్పజెప్పడానికి పథ్యం పెడుతున్నారు. పురుడు పోసుకున్నది మీ కూతురు, ఆవిడ కాదు.

కాన్పయిన రెండు మూడు రోజులకి ఏడుపు, చిరాకు చాలామందికి వస్తాయి. రెండు వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. 25 రోజులకీ తగ్గకపోగా నిద్ర పట్టకపోవడం, బిడ్డ వద్దనడం కూడా ఉంటే కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. దిష్టి తీయాలనుకుంటే తీయండి, కానీ రేపే కాన్పు చేసిన డాక్టరుకి ఇవన్నీ చెప్పండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్ కూడా చూడమనండి. ఆ రెంటిలో తేడా వచ్చినా మనిషి ఇలాగే నీరసపడి దిగులుగా ఉంటుంది. బిడ్డకి పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి, వాటిని పిచ్చి మాత్రలనకండి.

ఈ రాత్రే పక్కన కూర్చుని ‘చచ్చిపోవాలనిపిస్తోందా? పాపనేమైనా చెయ్యాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, పొంతన లేకుండా మాట్లాడినా ఒక్క క్షణం ఒంటరిగా వదలకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళ చేసినా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక నీళ్లు. పాలిచ్చే మనిషికి లెక్కగా నీళ్లేమిటమ్మా! నీళ్లు తాగినంత మాత్రాన కుట్లకి చీము పట్టదు. తగ్గిస్తేనే మలబద్ధకం, మూత్రంలో మంట. పైగా ఆపరేషన్ అయిన మనిషి నీళ్లు తాగకుండా మంచం మీదే ఉంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. కాచి చల్లార్చిన నీళ్లు చెంబుతో పక్కనే పెట్టండి, పాలిచ్చినప్పుడల్లా ఒక గ్లాసు తాగించండి. వెల్లుల్లి కారం, బీరకాయ పెట్టండి, కానీ వాటితో సరిపెట్టకండి. పప్పు, తోటకూర, గుడ్డు కావాలి. సొర పెద్ద చేప, దాని ఒంట్లో పాదరసం పేరుకుంటుంది. దాని బదులు కట్టిపరిగెలో, బొమ్మిడాయిలో వండండి. ఐరన్ కాన్పయ్యాక 180 రోజులు వేసుకోవాలి, కాల్షియం కూడా అంతే. రెండూ కలిపి వేస్తే ఐరన్ ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్‌తో టీ, పాలు వద్దు. విరేచనం నల్లగా వస్తే అది ఆ మాత్ర వల్లే, వేడి కాదు.

పాప రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. వియ్యపురాలికీ అదే చెప్పండి.

ముందు మీ అమ్మాయికి నిద్ర కావాలి. సాయంత్రం శుభ్రమైన చేత్తో పాలు పిండించి, ఉడకబెట్టిన గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. రాత్రి తొమ్మిదింటికి పాలిచ్చాక తనని వేరే గదిలో పడుకోబెట్టండి. పాప లేస్తే ఆ గిన్నెని గోరువెచ్చని నీళ్లలో ఉంచి, పాల చల్లదనం పోయాక ఉగ్గుగిన్నెతో మీరే పట్టండి. పొయ్యి మీద కాచకండి. నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్రపోతే తనకే తేడా తెలుస్తుంది.

గంటలోపే ప్యాడ్ తడిసిపోయినా, జ్వరం 100.4 దాటినా, కుట్ల దగ్గర చీము కారినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా, తలనొప్పితో చూపు మసకబారినా 108కి ఫోన్ చెయ్యండి. కాన్పయిన ఆరు వారాల దాకా బీపీ పెరగొచ్చు, ఆ తలనొప్పి, మసక దాని వల్ల కావచ్చు.

వియ్యపురాలి ఫోన్ ఇకనుంచి మీరే ఎత్తండి, అమ్మాయికి ఇవ్వకండి. ‘డాక్టరు గారు చూస్తున్నారు వదినగారూ, పంపే సంగతి తర్వాత మాట్లాడుకుందాం’ అని పెట్టెయ్యండి. అల్లుడుగారిని మాత్రం ఈ వారమే పిలిపించి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి, ఆయన తన చెవులతోనే వినాలి. ఎప్పుడు పంపాలన్నది అమ్మాయి కాస్త తేరుకున్నాక తననే అడగండి.