నెట్ సెంటర్ కంప్యూటర్‌లో మన లాగిన్ పేరు మిగలకుండా ఏం చేయాలి?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి నెట్ సెంటర్‌లో చాటింగ్ సైట్ తెరిస్తే, మరునాడు కూడా అక్కడ మీ లాగిన్ పేరు కనిపిస్తోందని, దాన్ని ఎలా ఆపాలని అడిగారు.

ఆ పేరును దాచుకునేది చాలాసార్లు ఆ సైట్ కాదు, బ్రౌజరే. క్రోమ్‌లో లాగిన్ గడిలో క్లిక్ చేయగానే పాత పేర్లు వరుసగా కిందికి దిగుతాయి. బాణం మీటతో మీ పేరు మీదికి వెళ్లి షిఫ్ట్, డిలీట్ కలిపి నొక్కండి. మిగతావి అలాగే ఉండి, అదొక్కటే పోతుంది. పాస్‌వర్డ్‌తో సహా సేవ్ అయిన పేరైతే ఇలా పోదు; సెట్టింగుల్లో పాస్‌వర్డ్ మేనేజర్ తెరిచి తొలగించాలి. జీమెయిల్ అయితే లాగౌట్ తర్వాత కనిపించే ఖాతాల జాబితాలోంచి కూడా మీ ఖాతాను తీసేయండి.

నన్నడిగితే, పదిమంది వాడే కంప్యూటర్‌లో ముందే క్రోమ్ గెస్ట్ విండో తెరవడం మేలు. అన్ని గెస్ట్ విండోలూ మూసేస్తే పేర్లు, కుకీలు, హిస్టరీ ఏవీ మిగలవు. డౌన్‌లోడ్ చేసిన ఫైళ్లు మాత్రం ఉండిపోతాయి; హాల్‌టికెట్, ఆధార్ కాపీ లాంటివి తప్పకుండా చెరిపేయండి.

వాట్సాప్ వెబ్ వాడి లాగౌట్ మరిచిపోతే మళ్లీ సెంటర్‌కు వెళ్లనక్కర్లేదు. ఫోన్‌లోనే లింక్డ్ డివైసెస్ తెరిచి, ఆ కంప్యూటర్‌ను లాగౌట్ చేయవచ్చు.